మీ సంచి పక్కవాళ్ళకి ఇచ్చెయ్యండి

(అడ్వెంచర్ రేసులకు జట్లుగా సిద్ధమవుతున్న యువతీయువకుల ముందు హైదరాబాదులో చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాసినది.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్ళు ముందుకి రండి, ఇక్కడ కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. రండి, మొహమాటపడకండి. ఆ మాట ఇవాళ మళ్ళీ మళ్ళీ అంటాను, గుర్తుపెట్టుకోండి.

మీలో మారథాన్ పరిగెత్తినవాళ్ళు ఎంతమంది? చేతులెత్తండి. బాగానే ఉన్నారు. సైకిల్ మీద 200 కిలోమీటర్ల బీఆర్ఎం, అంటే గడువులోపు ముగించాల్సిన దూరప్రయాణం, పూర్తి చేసినవాళ్ళు? సరే. ఈత వచ్చినవాళ్ళు? చూశారా, సగం చేతులు దిగిపోయాయి. దాని సంగతి తర్వాత చూద్దాం. ఇంకొక్క ప్రశ్న. నడకలో ఒంట్లో బాగా లేనప్పుడు, ఇంకా ఓపిక ఉండగానే, పక్కవాళ్ళని పిలిచి "కాసేపు నా సంచి మొయ్యండి" అని అడిగినవాళ్ళు ఎంతమంది? ఒకటి... రెండు... అంతేనా? ఇంతమందిలో ఇద్దరే. నేను మాట్లాడడానికి వచ్చింది దీని గురించే.

కొత్తవాళ్ళు కూడా ఉన్నారు కాబట్టి ముందు ఆట గురించి రెండు ముక్కలు. అడ్వెంచర్ రేసు అంటే నడక, పరుగు, కొండ సైకిల్, పడవ, తాడు మీద ఎక్కడం, దిగడం, అన్నీ ఒకే రేసులో. గీసిన దారి ఉండదు. మ్యాపు ఇస్తారు, దాని మీద చెక్‌పాయింట్లు ఉంటాయి. ఒకదాని తర్వాత ఒకటి వెతుక్కుంటూ పోవాలి. జీపీఎస్ వాడకూడదు, మ్యాపూ దిక్సూచీ మాత్రమే. గడియారం ఆగదు. రాత్రి పడుకుంటారా, నడుస్తారా, మీ ఇష్టం. మీరు నిద్రపోతున్నా గడియారం తిరుగుతూనే ఉంటుంది.

న్యూజిలాండ్ వాళ్ళు 1983లోనే కోస్ట్ టు కోస్ట్ అని ఒక తీరం నుంచి రెండో తీరం దాకా 243 కిలోమీటర్ల రేసు మొదలుపెట్టారు. అందులో ఎక్కువగా ఎవరి పరుగు వాళ్ళది. జట్టుగా, రోజుల తరబడి సాగే రూపం వచ్చింది 1989లో. జెరార్ ఫ్యూజిల్ అనే ఫ్రెంచి జర్నలిస్టు రెయిడ్ గొలువాజ్ అనే రేసు పెట్టాడు. మొదటిది అదే న్యూజిలాండ్‌లో జరిగింది. జట్టుకి ఐదుగురు, అందులో కనీసం ఒక మహిళ. అందరూ కలిసి గీత దాటితేనే లెక్క. తర్వాత మార్క్ బర్నెట్ ఒమన్‌లో ఆ రేసులో పాల్గొని, 1995లో అమెరికాలోని యూటాలో ఎకో ఛాలెంజ్ మొదలుపెట్టాడు. ఇప్పుడు ప్రపంచ స్థాయి రేసుల్లో జట్టుకి నలుగురు, ఆడా మగా కలిసి. నలుగురూ ఒకరికొకరు 100 మీటర్లకు మించి దూరం కాకూడదు. ఒక్కరు మానేస్తే మిగతా ముగ్గురూ ఎంత గట్టివాళ్ళైనా ఆ జట్టుకి ర్యాంకు లేదు.

ఈ ఒక్క నిబంధనని కాసేపు మనసులో పెట్టుకోండి. దీనివల్ల ఆట ఎంత మారిపోతుందో చూడండి. మారథాన్‌లో మీ కాలు నొప్పి మీ సొంతం. పంటి బిగువున భరిస్తే మెచ్చుకుంటారు, ఫోటో తీస్తారు. ఇక్కడ మీ కాలు నొప్పి నలుగురిది. దాచిపెడితే మీరు దాచింది మీ సొంత నొప్పి కాదు, జట్టు సొమ్ము. 

లెక్క చెప్తాను, ఫోనుల్లో వేసుకుని చూడండి. నలుగురున్నారు. ముగ్గురు గంటకి 6 కిలోమీటర్లు నడవగలరు, నాలుగో మనిషి 4 నడుస్తున్నారు. జట్టు వేగం ఎంత? సగటు వేసుకోకండి. జట్టు వేగం 4. 100 కిలోమీటర్ల నడక అయితే 25 గంటలు. ఇప్పుడు ఆ నాలుగో మనిషి సంచిలో బరువంతా తీసి ముగ్గురూ పంచుకున్నారు అనుకుందాం. ఆ మనిషి 4 నుంచి నాలుగున్నరకి వచ్చారు. ఎంత పెరిగింది? అరకిలోమీటరే. కానీ 25 గంటల నడక 22 గంటల చిల్లరకి దిగింది. దాదాపు 3 గంటలు మిగిలాయి. బరువు ఎక్కినందుకు ఆ ముగ్గురి వేగం కాస్త తగ్గుతుంది కదా అంటారేమో. తగ్గనివ్వండి. 6 నుంచి ఐదున్నరకి తగ్గినా జట్టుకి ఒక్క నిమిషం నష్టం లేదు, ఎందుకంటే ఆ 6 ఎప్పుడూ వాడుకోనే లేదు.

ఇంత తేలిక లెక్క. మరి అన్ని జట్లూ ఇలా ఎందుకు చెయ్యవు? గట్టిగా ఉన్నవాళ్ళు మొయ్యం అంటారా? అనరు. నేను చూసినంతలో మోస్తామనేవాళ్ళకి కొరత లేదు. ఇచ్చేవాళ్ళే ఉండరు. సంచి ఇవ్వమంటే రెండు చేతులతో పట్టీలు గట్టిగా పట్టుకుంటారు. "బాగానే ఉన్నానన్నా, ఇంకాసేపు మోస్తాను" అంటారు. అదీ మొహమాటం. మనవాళ్ళకి ఇది మరీ ఎక్కువ. పెళ్ళి భోజనంలో ఆకలేస్తున్నా రెండోసారి వడ్డించమని అడగం. అలా పెరిగినవాళ్ళం, అర్ధరాత్రి కొండ మీద సంచి మొయ్యమని ఎలా అడుగుతాం?

మా జట్టులో ఒక తమ్ముడు ఉన్నాడు. మనిషి నడుస్తున్నంతసేపూ పాడుతూనే ఉంటాడు. సహ్యాద్రి కొండల్లో ఒక రాత్రి సన్నగా వాన, గాలి. కాసేపటికి పాట ఆగిపోయింది. నేను వెనక్కి తిరిగి "ఎలా ఉన్నావురా?" అన్నాను. "సూపర్ అక్కా" అన్నాడు. హెడ్‌ల్యాంపు అతని మీద వేసి చూస్తే రెయిన్ జాకెట్ ఒంటి మీద లేదు, సంచిలోనే ఉంది. చెయ్యి పట్టుకుంటే మంచుముక్కలా ఉంది. గంట క్రితం నేనిచ్చిన పల్లీపట్టీ జేబులో అలాగే ఉంది, కాగితం కూడా విప్పలేదు. జాకెట్ తియ్యాలంటే ఆగాలి, ఆగితే మమ్మల్ని ఆపినట్టవుతుందని ఊరుకున్నాడు. వేళ్ళు కొంకర్లు పోయాక జిప్పు పట్టుకోవడానికి కూడా రాలేదు. ముగ్గురం కలిసి జాకెట్ తొడిగి, వేడి నీళ్ళు కాచి తాగించి, కదిలేసరికి ముప్పావు గంట పట్టింది. మొదట్లోనే ఆగి ఉంటే రెండు నిమిషాల పని. ఆ అబ్బాయి మంచితనంలో లోపం ఉందా? లేదు. మా గురించి ఆలోచించే ఆగలేదు. ఆ మంచితనమే మనం సరిచేసుకోవాల్సింది.

అందుకే మా జట్టులో "ఎలా ఉన్నావు" అనే ప్రశ్న తీసేశాం. ఆ ప్రశ్నకి మర్యాదైన జవాబే వస్తుంది, నిజం రాదు. దాని బదులు ఏం అడుగుతామంటే, ఆఖరిసారి ఏం తిన్నావు, ఎప్పుడు తిన్నావు? మూత్రం ఎప్పుడు పోశావు, ఏ రంగులో ఉంది? నవ్వకండమ్మా, ఇది ప్రాణాల మీదికి వచ్చే విషయం. కాలి వేళ్ళు కదులుతున్నాయా? చెప్పుల్లో, అంటే బూట్లలో, ఎక్కడైనా మంట పుడుతోందా? వీటికి "సూపర్ అక్కా" అనే జవాబు పనికిరాదు. గంటకొకసారి, అందరినీ, కెప్టెన్‌తో సహా అడగాలి. అలసినవాళ్ళని మాత్రమే అడిగితే అది విచారణలా ఉంటుంది. అందరినీ అడిగితే అలవాటవుతుంది.

ఇంకోటి చెయ్యండి. మొదటి గంటలోనే, ఎవరూ అలసిపోకముందే, సంచులు మార్చుకోండి. జట్టులో అందరికంటే గట్టి మనిషి ముందుగా తన సంచి పక్కవాళ్ళకి ఇవ్వాలి. ఎందుకు? అవసరం ఉండి కాదు. జట్టులో పెద్దదిక్కు ఇచ్చేస్తే మిగతావాళ్ళకి ఇక సిగ్గు ఉండదు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం కాకుండా, కాలకముందే ఇచ్చిపుచ్చుకోవడం అలవాటు కావాలి.

తాడు సంగతి కూడా చెప్పాలి. మంచి జట్లని చూస్తే, ఒకరి నడుము నుంచి ఇంకొకరి నడుముకి సన్నని ఎలాస్టిక్ తాడు కనిపిస్తుంది. ముందున్నవాళ్ళు వెనకవాళ్ళని కొద్దిగా లాగుతూ ఉంటారు. సైకిళ్ళకైతే, కుక్కల్ని తిప్పడానికి వాడతారే, లోపలికి చుట్టుకునే పట్టీ, దాన్ని సీటు కింది రాడ్‌కి బిగిస్తారు. వెనకవాళ్ళు పట్టుకుంటే సాగుతుంది, వదిలితే చుట్టుకుపోతుంది. ఎంత బలంగా లాగుతుంది? పెద్దగా ఏమీ లాగదు. కానీ అడుగు వెనక అడుగు పడే లయ తప్పకుండా కాపాడుతుంది. మొదటిసారి చూసినవాళ్ళు "అయ్యో పాపం, లాక్కెళ్తున్నారే" అనుకుంటారు. ప్రపంచ చాంపియన్లు కట్టుకుంటారండీ ఈ తాడు. ఈ రాత్రి నేను మిమ్మల్ని లాగితే రేపు మధ్యాహ్నం ఎండలో మీరు నన్ను లాగుతారు. రోజుల తరబడి సాగే రేసులో ప్రతి ఒక్కరికీ ఒక గడ్డుపూట వస్తుంది. రానివాళ్ళని నేను చూడలేదు.

ఇక్కడ అమ్మాయిలున్నారు కాబట్టి ఒక మాట గట్టిగా చెప్పాలి. "జట్టులో ఒక మహిళ తప్పనిసరి" అనే నిబంధన చదివి, చాలా జట్లు ముగ్గురు అబ్బాయిలు ముందే జతకట్టేసి, ఆఖరి వారంలో ఎవరో ఒక అమ్మాయి కోసం వెతుకుతాయి. ఇది తప్పు, అవమానం కూడా. ఆ అమ్మాయి మొదటి నుంచీ తానేదో అదనం అన్న భావంతో వస్తుంది. మరి అలాంటి అమ్మాయి సంచి ఇస్తుందా? చచ్చినా ఇవ్వదు. తనేంటో నిరూపించుకోవాలి కదా పాపం! 2019 ఫిజీ ఎకో ఛాలెంజ్ గెలిచిన న్యూజిలాండ్ జట్టు చూడండి. కెప్టెన్ నేథన్ ఫావే, దారి చూసేవాడు క్రిస్ ఫోర్న్, స్టూవర్ట్ లించ్, సోఫీ హార్ట్. సోఫీ హార్ట్ డాక్టరు, అనేకసార్లు ప్రపంచ చాంపియన్. ఆమెని ఎవరైనా నిబంధన కోసం తీసుకొచ్చారని అనగలరా? అదే రేసులో మన దేశం నుంచి ఖుక్రీ వారియర్స్ అనే జట్టు వెళ్ళింది. ఎవరెస్టు ఎక్కిన కవలలు తాషీ, నుంగ్షీ మాలిక్ అందులో ఉన్నారు. అమ్మాయిలిద్దరి చుట్టూ అల్లిన జట్టు అది.

ఆ ఫిజీ రేసు గురించి ఇంకాస్త చెప్పనివ్వండి. 30 దేశాల నుంచి 66 జట్లు, 671 కిలోమీటర్లు, 11 రోజుల గడువు. సముద్రంలో తెరచాప పడవలతో మొదలై, అడవులు, నదులు, వెదురు తెప్పలు, ఒళ్ళు కొయ్యబారే చల్లటి నీళ్ళ లోయలు. అక్కడికి అమెరికా నుంచి మార్క్ మేసీ అనే పెద్దాయన వచ్చాడు. పాత ఎకో ఛాలెంజ్‌లన్నీ చేసిన మనిషి. 2018లో ఆయనకి అల్జీమర్స్ ఉందని తేలింది. అయినా కొడుకు ట్రావిస్‌తో కలిసి జట్టుగా వచ్చాడు. ఒక్కసారి ఊహించుకోండి. ఒకప్పుడు ఈ ఆటలో ఆరితేరిన తండ్రి, ఇప్పుడు కొడుకు సాయం తీసుకోవాలి, అదీ కెమెరాల ముందు. వాళ్ళకి గెలుపు లెక్కలోనే లేదు. మందికి ఆ కొడుకు గొప్పగా కనిపిస్తాడు, నిజమే, గొప్పవాడే. నాకు ఆ తండ్రి ఇంకా గొప్పగా కనిపిస్తాడు. చేతులు చాపి సాయం తీసుకోవడానికి ఎంత నిబ్బరం కావాలి!

మంచినీళ్ళు ఇవ్వమ్మా... థాంక్స్.

సరే, దారి వెతకడం. నలుగురిలో మ్యాపు ఎవరి చేతిలో ఉంటుందో వాళ్ళ మీదే జట్టు బతుకు ఆధారపడి ఉంటుంది. మన సర్వే ఆఫ్ ఇండియా టోపోషీట్లు, అంటే నేల ఎత్తుపల్లాలు చూపించే మ్యాపులు ఉన్నాయి, 1:50,000 స్కేలువి. వాటి మీద 2 సెంటీమీటర్లంటే నేల మీద కిలోమీటరు. ఒక గోధుమరంగు గీత నుంచి పక్క గీతకి సాధారణంగా 20 మీటర్ల ఎత్తు తేడా. గీతలు దగ్గరదగ్గరగా ఉంటే నిటారు, దూరందూరంగా ఉంటే తక్కువ వాలు. పగలు ఇదంతా ఎవరైనా చదువుతారు. రాత్రి 2 గంటలకి, మంచులో, ఎదుట 10 అడుగులు కూడా కనిపించనప్పుడు? అప్పుడు అడుగులు లెక్కపెట్టుకోవాలి. 100 మీటర్లకి నాకెన్ని అడుగులు పడతాయో ముందే కొలుచుకుని ఉండాలి. "ఇక్కడి నుంచి 400 మీటర్లు పోతే ఎడమ చేతికి వాగు తగలాలి" అని పైకి చెప్పాలి. పైకి చెప్పడం ముఖ్యం. అప్పుడు మిగతా ముగ్గురూ వాగు చప్పుడు కోసం చెవులు రిక్కించి నడుస్తారు. మ్యాపు ఒకరి చేతిలో ఉన్నా దారి నలుగురి తలల్లో ఉండాలి.

దారి తప్పితే? తప్పుతుంది, తప్పక తప్పుతుంది. అప్పుడు జట్టుని విరిచే మాట ఒకటుంది: "నేను ముందే చెప్పాను." ఆ మాట అన్న క్షణం నుంచి మ్యాపు పట్టుకున్న మనిషి దారి కోసం కాకుండా తన పరువు కోసం వెతకడం మొదలుపెడతారు. అనుమానం వచ్చినా బయటపెట్టరు, ఇంకో రెండు కిలోమీటర్లు తప్పుదారిలోనే నడిపిస్తారు. అదే, "నాకు తెలియడంలేదు, ఒకసారి ఆగుదాం" అని ధైర్యంగా అనగలిగే జట్టైతే, ఆగుతారు, ఆఖరిసారి కచ్చితంగా తెలిసిన చోటికి వెనక్కి వెళ్తారు. వెనక్కి నడవడం ఎవరికీ ఇష్టం ఉండదు. కానీ తక్కువ నష్టం అదే. చూశారా, ఇదీ సంచి కథే. తెలియనితనం కూడా ఒక బరువే, దాన్నీ కిందికి దించగలగాలి.

నిద్ర. నాలుగైదు రోజుల రేసుల్లో పెద్ద జట్లు రోజుకి రెండు మూడు గంటలు పడుకుంటాయి. రెండో రాత్రి దాటాక కళ్ళకి లేనివి కనిపిస్తాయి. చెట్టు మొదలు మనిషిలా, బండరాయి ఇల్లులా. భయపడకండి, అందరికీ జరిగేదే, పక్కవాళ్ళకి చెప్పెయ్యండి. సైకిల్ మీద కునుకు మాత్రం చాలా ప్రమాదం. ఒక్కరికి కునుకు వస్తోందంటే నలుగురూ దిగి 20 నిమిషాలు పడుకోవాలి. ఓటింగులు, చర్చలు అక్కర్లేదు.

తిండి విషయంలో పెద్దగా చెప్పేదేమీ లేదు, గంటకి 200 నుంచి 300 క్యాలరీలు పడుతూ ఉండాలి. ఒక్కటి మాత్రం గుర్తుంచుకోండి. రెండో రోజుకల్లా తీపి చూస్తే వెగటు పుడుతుంది. పల్లీపట్టీలు, నువ్వుండలతో పాటు ఉప్పగా, పుల్లగా ఉండేవి పెట్టుకోండి. చింతపండు పులిహోర మొదటి రోజంతా చెడదు. కారప్పూస, మిక్చర్ బాగా పనికొస్తాయి.

కాళ్ళు ఎంతసేపు తడిగా ఉంటే అంత చేటు. ఆగిన ప్రతిసారీ బూట్లు విప్పి, వేళ్ళ సందులు తుడిచి, గాలి తగలనిచ్చి, వాజిలీన్ రాసి, పొడి సాక్సు. మీ కాళ్ళు మీరు చూసుకోకండి, పక్కవాళ్ళవి చూడండి. మన కాళ్ళకి మనం అబద్ధం చెప్పుకుంటాం.

తడి అంటే గుర్తొచ్చింది. 2000లో బోర్నియో దీవిలోని సబాలో ఎకో ఛాలెంజ్ జరిగింది. 304 మంది క్రీడాకారులు. సెగామా నదిలో ఈదారు, బురదలో నడిచారు. ఇళ్ళకి వెళ్ళాక చాలామందికి జ్వరాలు వచ్చాయి. అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ వాళ్ళు ఆరా తీస్తే అది లెప్టోస్పైరోసిస్, మన దగ్గర ఎలుక జ్వరం అంటాం కదా, అదే. ఎలుకల్లాంటి జంతువుల మూత్రం కలిసిన నీళ్ళు, చర్మం మీది గీతల్లోంచి ఒంట్లోకి పోతాయి. సీడీసీ మాట్లాడగలిగిన 189 మందిలో 80 మందికి ఆ లక్షణాలున్నాయి. వరి మళ్ళలో పనిచేసే మన రైతులకి వచ్చే జబ్బే ఇది. కాబట్టి వానాకాలం రేసు తర్వాత జ్వరం వస్తే "అలసటలే" అని ఇంట్లో పడుకోకండి. డాక్టరు దగ్గరికి వెళ్ళి, నీళ్ళలో, బురదలో తిరిగానని చెప్పండి. ఆ ఒక్క మాట చెప్పకపోతే వాళ్ళకి తట్టకపోవచ్చు. ఈ ఆటలో ప్రాణాలు కూడా పోయాయి. 2004లో అమెరికాలో ప్రైమల్ క్వెస్ట్ రేసులో పైనుంచి జారిన బండరాయి తగిలి ఒక ఆస్ట్రేలియా క్రీడాకారుడు చనిపోయాడు. హెల్మెట్, ఈల, అత్యవసర దుప్పటి, ఇవి "బరువు తగ్గిద్దాం" అనే లెక్కలోకి రావు. 

ఇప్పుడు ఈత. ఇందాక ఎత్తని చేతులు గుర్తున్నాయి నాకు. మన ఊళ్ళలో పిల్లలు నడుముకి బెండ్లు కట్టుకుని వ్యవసాయ బావుల్లో ఈత నేర్చుకునేవారు. నగరంలో పెరిగినవాళ్ళకి ఆ భాగ్యం లేదు. లైఫ్ జాకెట్ ఉంటుంది కదా అనుకోవద్దు. పడవ బోల్తా పడ్డప్పుడు నీళ్ళంటే భయపడని మనిషి కావాలి జట్టుకి. మూడు నెలలు కొలనుకి వెళ్ళండి, పెద్దవాళ్ళు పిల్లల పక్కన నేర్చుకోవడానికి సిగ్గుపడాల్సిన పనే లేదు.

సాధన ఎక్కడ అంటారా? భువనగిరి కొండ మనకి గంట దూరంలో ఉంది. 2014లో 13 ఏళ్ళకే ఎవరెస్టు ఎక్కిన మాలావత్ పూర్ణ, ఆమెతో ఎక్కిన ఆనంద్ కుమార్, ఇద్దరూ తాడు పట్టడం నేర్చుకున్నది ఆ బండ మీదే. మ్యాపు సాధనకి వికారాబాద్ వైపు అనంతగిరి. నల్లమలలో మాత్రం సొంతంగా రాత్రి నడకలు పెట్టుకోకండి. అది పులుల అభయారణ్యం, అనుమతి లేకుండా అడుగు పెట్టకూడదు. మన సరదా కోసం అక్కడి జంతువుల్నీ, కాపలా సిబ్బందినీ ఇబ్బంది పెట్టే హక్కు మనకి లేదు.

ఇంకా చాలా ఉంది గానీ కూర్చుని వింటే వచ్చే విద్య కాదు ఇది. ప్రశ్నలు తర్వాత తీసుకుంటాను. ముందు నలుగురేసి జట్లుగా విడిపోండి. స్నేహితులు ఒకే జట్టులో కూర్చోకండి, తెలియనివాళ్ళతో కూర్చోండి. ఒక్కో జట్టుకి ఒక్క మ్యాపే ఇస్తున్నాను, దాని మీద ఐదు చెక్‌పాయింట్లు పెట్టి ఉన్నాయి. పది నిమిషాల్లో ఏ క్రమంలో వెళ్తారో తేల్చాలి. మ్యాపు చదవడం రాని మనిషి ఎవరో ముందు ఆ మాట పైకి చెప్పాలి, మొదలుపెట్టేది వాళ్ళే. ఆ చివర ఉన్న బాబూ, నువ్వొక్కడివే మిగిలావా? ఇలా రా, ఈ ముగ్గురితో కూర్చో.